రాజుగారు చేసిన చాకు

తూర్పు కనుమల ఒడిలో తారగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడ వజ్రాల గనులు లేవు, ముత్యాల రేవులు లేవు. అయినా తారగిరి మనిషి ఏ దేశం వెళ్లినా జనం చుట్టూ మూగి, "మీది తారగిరా? అయితే చాకేదీ, ఒకసారి చూడనివ్వండి!" అని అడిగేవారు.

ఆ చాకులు కొలిమిపాడు అనే ఊళ్లో తయారయ్యేవి. సింగోజు అనే కమ్మరి ఇనుమును కాచి, సాగగొట్టి, చాకుకు కోసే రేకు, అంటే సన్నని అలుగు, తీసేవాడు. అతని భార్య ముత్తమ్మ దుప్పికొమ్మును అరగదీసి పిడి అమర్చేది. మడిస్తే అలుగు పిడిలోకి ఒదిగిపోయేది, మొలలో దోపుకుని ఎంత దూరమైనా నడవవచ్చు. అలుగు మొదట్లో చిటికెనవేలి గోరంత చిలుక ముద్ర ఉండేది. తమలపాకు తోటల రైతులూ, గొర్రెల కాపరులూ, తాటాకులు కత్తిరించుకునే లేఖకులూ ఆ చిలుకను నమ్ముకుని బతికేవారు.

ఆ రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. మనిషి మంచివాడే. అధిక పన్నులు వేయడు, అనవసరంగా యుద్ధాలకు పోడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఏ వస్తువు అసలుదో ఏది నకిలీయో తేల్చడంలో తనంతటి వాడు భూమండలంలో పుట్టలేదని ఆయన నమ్మకం.

ఆయన పరీక్ష చాలా సులభం. కళ్లు మూసుకుని వస్తువును ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. పెద్ద మీసాలు రెండుసార్లు కదిలేవి. అంతే, తీర్పు వచ్చేసేది. పట్టుచీర అయినా, పంచలోహ విగ్రహమైనా అదే పద్ధతి. సభలోని వారంతా "భళీ! భళీ!" అనేవారు. అనకపోతే ఏమవుతుందో చూద్దామని ఎవరికీ అనిపించలేదు.

ఒక ఏడాది వసంతకాలంలో మణిగుప్తుడనే వర్తకుడు రేవుపట్నం నుంచి పదెడ్ల మీద సరుకు వేసుకుని తారగిరికి వచ్చాడు. తిన్నగా రాజుగారి కొలువుకు వెళ్లి, ఎర్ర పట్టుగుడ్డ పరిచిన పెట్టె ఒకటి ఆయన ముందు పెట్టాడు. అందులో చిలుక ముద్ర చాకులు తళతళ మెరుస్తున్నాయి.

"మహాప్రభూ! కొలిమిపాడు చాకులు దూరదేశాల్లో గుట్టలుగా కొన్నాను. ఏలినవారి మీద భక్తితో సగం ధరకే ఇచ్చుకుంటాను. తమవంటి సర్వజ్ఞుల ముందు నకిలీ పెట్టే ధైర్యం ఎవరికుంటుంది?" అన్నాడు.

ఉద్దండవర్మ ఒక చాకు తీసి వాసన చూశాడు. మణిగుప్తుడు పెట్టె నిండా గంధపుపొడి చల్లి తెచ్చాడు.

"ఆహా! అచ్చమైన కొలిమిపాడు సరుకు!" అన్నాడు రాజు.

రాజుగారు తన అంగరక్షకులకూ ఉద్యోగులకూ బహుమతిగా ఇవ్వడానికి రెండు వందల చాకులు అక్కడికక్కడే కొన్నాడు. పైగా, "ఈ వర్తకుని చాకులు స్వయంగా మేము పరీక్షించినవి" అని రాజముద్ర వేసిన పట్టా ఒకటి ఇచ్చాడు. మణిగుప్తుడు దాన్ని సంతవీధిలోని తన అంగడి గుమ్మానికి వేలాడగట్టాడు. ఇక చూడండి, జనం తోసుకుంటూ వచ్చి కొన్నారు.

పది రోజులు తిరక్కుండానే గోల మొదలైంది. తమలపాకులు కోస్తున్న రైతు చేతిలో అలుగు దానంతటదే మడుచుకుని బొటనవేలు తెగింది. అంగరక్షకుడొకడు మామిడికాయ కోయబోతే అలుగు కాయలోనే ఉండిపోయి పిడి ఒక్కటే చేతికి వచ్చింది. దెబ్బలు తగిలినవాళ్లు మణిగుప్తుణ్ణి అడిగితే, అతను గుమ్మానికి ఉన్న పట్టా చూపించి, "రాజుగారు పరీక్షించిన సరుకు బాబూ! తప్పు చాకు చేసినవాడిది. కొలిమిపాడు వెళ్లి అడుక్కోండి" అన్నాడు.

వాళ్లంతా కొలిమిపాడు వెళ్లి సింగోజు ఇంటి మీద పడ్డారు. సింగోజు ఒక చాకును చేతిలోకి తీసుకుని చూశాడు. అతని ముఖం నల్లబడిపోయింది.

"ఇది నా బిడ్డ కాదు," అన్నాడు.

మర్నాడే అతను రాజసభకు వెళ్లి మొరపెట్టుకున్నాడు. "మహాప్రభూ! ఆ వర్తకుడు అమ్మేవి నకిలీలు. నా చిలుకను దొంగిలించాడు."

ఉద్దండవర్మ మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "అంటే మేము నకిలీని అసలనుకున్నామనా నీ మాట?"

"ఆ మాట నేను అనలేదు ప్రభూ. కానీ అవి నేను చేసినవి కావు."

"మేము పరీక్షించినవి అసలైనవే. కాబట్టి నీ దగ్గర ఉన్నవే నకిలీలు! ఇతని ముద్ర లాగేసుకోండి. కొలిమికి తాళం వేయండి. పున్నమి లోపల తన మాట రుజువు చేసుకోకపోతే భార్యతో సహా రాజ్యం విడిచిపోవాలి!"

ఆ ఆజ్ఞను తాటాకు మీద రాసినవాడు ఆస్థాన లేఖకుడు మాచన. సభలో మాట్లాడేవాళ్ల ముఖాలు అందరూ చూస్తారు గానీ, తల వంచుకుని రాసేవాడి ముఖం ఎవరు చూస్తారు? మాచనను ఎరిగినవారికి కూడా అతని నడినెత్తే గుర్తు. కానీ ఆ నెత్తి కింద ఉన్న బుర్ర చాలా చురుకైనది. ఆ రోజు ఆజ్ఞ రాస్తుంటే అతని గంటం రెండుసార్లు తప్పింది. పన్నెండేళ్లుగా అతను తాటాకులు కత్తిరించుకుంటున్నది సింగోజు చేసిన చాకుతోనే మరి.

సభ ముగిశాక కోట బయట సింగోజు ఒక రాతి మీద కూలబడి ఉన్నాడు. పక్కన ముత్తమ్మ నిలబడి ఉంది. మాచన దగ్గరికి వెళ్లగానే ఆమె విరుచుకుపడింది.

"అయ్యగారూ, చక్కగా రాశారా మా చావు? అక్షరాలు గుండ్రంగా వచ్చాయా?"

"ఊరుకోవే," అన్నాడు సింగోజు నీరసంగా.

"ఎందుకూరుకోవాలి? ఇరవై ఏళ్లుగా ఈయన చేతుల మీద నిప్పురవ్వలు పడ్డాయి. నా వేళ్లు చూడండి, కొమ్ము అరగదీసి అరగదీసి రేఖలే పోయాయి. ఇప్పుడు మేము దొంగలమట!"

మాచన కొలువులో తనకు బహుమతిగా వచ్చిన కొత్త చాకునూ, తన పాత చాకునూ ఆమె చేతిలో పెట్టాడు. "అమ్మా, కోపం తరువాత. ముందు ఈ రెంటికీ తేడా ఏమిటో నాకు చెప్పు."

ముత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని పాత చాకును తెరిచింది. "వినండి. తెరవగానే ఒక్కటే చప్పుడు రావాలి, గట్టిగా. తెరిచాక అలుగును అటూ ఇటూ కదిపి చూడండి. కదలదు. మడిస్తే పిడి మధ్యలోకి సూటిగా దిగుతుంది, ఏ పక్కా రాసుకోదు. ఇక ఈ కొత్తది చూడండి. అలుగును పిడికి బిగించే చీల వదులు. అలుగు ఒక పక్కకు ఒరిగింది. పిడి కొమ్ము కాదు, రంగు పూసిన కర్ర. గోరుతో గీస్తే రంగు లేచిపోతోంది. ఇక ఈ చిలుక..."

"చిలుకకేమైంది?"

"మా చిలుక తోకలో ఈకలు లెక్కపెట్టవచ్చు. దీనికి తోకేదో ముక్కేదో తెలియడం లేదు. కాకి వానలో తడిసినట్టుంది!"

అంత బాధలోనూ సింగోజుకు నవ్వొచ్చింది.

"కొనేవాళ్లకు ఇవన్నీ తెలియవా మరి?" అన్నాడు మాచన.

"చేతిలోకి తీసుకుని తెరిచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. వాడు తెరవనివ్వడట కదా! పెట్టెలో పెట్టి చూపించి, మూటగట్టి ఇస్తాడట. సగం ధర అనేసరికి జనానికీ ఆత్రం. మీరైనా వెళ్లి ఈ మాట రాజుగారికి చెప్పండి."

మాచన తల అడ్డంగా ఊపాడు. "రాజుగారి పొరపాటు నేను చెబితే నన్నూ మీతోపాటే సాగనంపుతారు. ఆయన పొరపాటు ఆయనే చెప్పుకోవాలి. పున్నమికి ఇంకా అయిదు రోజులున్నాయి. మీరు ఊరికి వెళ్లి కడుపునిండా తినండి."

మర్నాడు మాచన తలపాగా చుట్టుకుని, ఎవరో పెద్దమనిషి గుమాస్తాలా మణిగుప్తుడి అంగడికి వెళ్లాడు. ఒక చాకు తీసి తెరవబోతే మణిగుప్తుడు చటుక్కున చేయి పట్టుకున్నాడు.

"తెరవకండయ్యా! గాలి తగిలితే అలుగు మెరుపు పోతుంది."

"మరి మామిడికాయ ఎలా కోయాలి?"

"ఇంటికి వెళ్లాక మీ ఇష్టం!"

మాచన చాకును కింద పెట్టి నిట్టూర్చాడు. "చిలుక చాకులు మాకు వద్దులెండి. మా దొరగారిది కొండసీమ. అందరి దగ్గరా ఉండేది ఆయనకు ఆనదు. ఉద్దండవర్మ మహారాజుగారు స్వయంగా కొలిమి దగ్గర కూర్చుని, తన చేతులతో చేసిన చాకు ఒకటి కావాలని పట్టుపట్టారు. అలాంటిది లోకంలో ఉంటుందా, మా దొరగారి పిచ్చి గానీ!"

మణిగుప్తుడి కళ్లు ఒక్క క్షణం పైకప్పు కేసి చూశాయి. ఆ వెంటనే అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మెల్లగా అనండి. ఈ సంగతి మీకెవరు చెప్పారు?"

"ఏ సంగతి?"

"మహారాజుగారు చాకు చేసిన సంగతి! అది రాజరహస్యం. అలాంటి చాకు లోకంలో ఒక్కటే ఉంది. అదృష్టం కొద్దీ అది నా దగ్గరే ఉంది. రేపు మధ్యాహ్నం మీ దొరగారిని తీసుకురండి."

"ఇవాళ చూపించలేరా?"

"భద్రంగా పాతిపెట్టానయ్యా. తవ్వాలి కదా!"

మాచన నవ్వు ఆపుకుంటూ తిన్నగా కోటకు వెళ్లాడు. రాజుగారు ఉద్యానవనంలో మల్లెపూలు వాసన చూసి, ఏది మంచిదో తేలుస్తున్నాడు.

"ప్రభూ, సంతవీధిలో రేపు ఒక అపురూపమైన చాకు అమ్మకానికి వస్తోంది. సింగోజు చేసింది కాదు. అంతకంటే ఎంతో గొప్ప చేతులు చేసిందట," అన్నాడు మాచన.

"ఎవరు చేశారు?"

"పేరు చెప్పడానికి నేను తగను. తమరే విని తెలుసుకోవాలి."

"అయితే దాన్ని ఇక్కడికే తెప్పించు."

"తమరు అడిగారని తెలిస్తే భయభక్తులతో ఊరికే ఇచ్చేస్తాడు. దాని గొప్పతనం వాడి నోటివెంట వినే భాగ్యం మనకు పోతుంది. మారువేషంలో వెళితే బాగుంటుంది ప్రభూ."

మారువేషం అనగానే రాజుగారి ముఖం వెలిగిపోయింది. తరువాత మీసం మీద చేయి వేశాడు. "కానీ ఈ మీసాలను రాజ్యమంతా ఎరుగును కదా!"

"పంటి నొప్పి అని చెప్పి, గడ్డం నుంచి నడినెత్తి దాకా గుడ్డ కట్టేద్దాం. మీసాలు అందులో దాగుతాయి."

"అయితే మేము మాట్లాడటం ఎలా?"

"పంటి నొప్పి మనిషి గలగలా మాట్లాడితే అనుమానం రాదా ప్రభూ? ఔనంటే 'ఊఁ', కాదంటే 'ఊఁహూఁ'. అంతే చాలు."

మర్నాడు మధ్యాహ్నం ముఖమంతా గుడ్డ చుట్టుకున్న కొండసీమ దొరా, ఆయన గుమాస్తా మణిగుప్తుడి అంగడికి వచ్చారు. మణిగుప్తుడు దొరగారికి పరుపు వేసి కూర్చోబెట్టాడు. లోపలి నుంచి ఒక పాత గుడ్డమూట తెచ్చాడు. దాని మీద మట్టి ఇంకా తడిగానే ఉంది.

మూట విప్పాడు. అందులో ఒక చాకు ఉంది. దాని అలుగు మీద చిలుకకు బదులు కిరీటం ముద్ర ఉంది.

"దొరగారూ! కళ్లకద్దుకోండి. ఇది సాక్షాత్తూ ఉద్దండవర్మ మహారాజుగారు స్వహస్తాలతో చేసిన చాకు!"

గుడ్డకట్టు లోపలి నుంచి "ఊఁ?" అని ఒక వింత శబ్దం వచ్చింది.

"ఔను! ఆయనకు ఇరవై ఏళ్ల వయసులో విరక్తి పుట్టి, ఎవరికీ చెప్పకుండా ఆరు నెలలు అడవిలో ఒక కొలిమి దగ్గర పని చేశారు. పగలంతా సుత్తి, సాయంత్రం తిత్తి! చెమటతో ఒళ్లు తడిసి ముద్దయ్యేది. గంజి తాగేవారు. చేతులు బొబ్బలెక్కితే వాటిని చూసుకుని మురిసిపోయేవారు."

ఉద్దండవర్మ తన చేతులు చూసుకున్నాడు. ఆ చేతులు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పళ్లెం ఎత్తి ఎరగవు.

"మా దొరగారికి నమ్మకం కుదరాలి కదా. ఇది అసలుదేనని ఎలా తెలుసుకోవడం?" అని అడిగాడు మాచన.

"వాసన చూడండి! మహారాజుగారి చెమట వాసన ఇంకా పోలేదు."

కొండసీమ దొర అలవాటు కొద్దీ చాకును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పచ్చి రంగు వాసన గుప్పున కొట్టి రెండుసార్లు తుమ్మాడు.

"చూశారా, ఎంత ఘాటో!" అన్నాడు మణిగుప్తుడు.

"అంతేనా? ఇంకేమైనా సాక్ష్యం ఉందా?" అన్నాడు మాచన.

మణిగుప్తుడు ఇక ఆగలేకపోయాడు. "సాక్ష్యమా? మొన్ననే దీన్ని కోటకు తీసుకెళ్లి మహారాజుగారికి చూపించాను. చూడగానే గుర్తుపట్టారు! గుండెకు హత్తుకుని, 'నా చాకు, నా బంగారు చాకు' అంటూ చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. నా పైపంచెతోనే కన్నీళ్లు తుడిచాను. ఆ పంచె కూడా ఉంది. కావాలంటే అదీ అమ్ముతాను."

"ఊఁహూఁ! ఊఁహూఁహూఁ!" అన్నాడు దొర.

"దొరగారికి పంటి నొప్పి ఎక్కువైనట్టుంది పాపం."

మాచన చేతులు కట్టుకుని, వినయంగా దొరవైపు తిరిగాడు. "దొరగారూ, తమరే తేల్చాలి. ఈ చాకు అసలుదా, నకిలీదా?"

ఉద్దండవర్మ రెండు చేతులతో గుడ్డకట్టు పీకి పారేశాడు. మీసాలు రెండూ విడుదలై ఎగిరి నిలబడ్డాయి.

"మేమెప్పుడు ఏడ్చామురా!"

మణిగుప్తుడి మోకాళ్లు రెండూ ఒక్కసారే నేలను తాకాయి. అయినా పాతికేళ్ల అలవాటు కదా, నోరు మాత్రం ఆగలేదు. "మహాప్రభూ... తమరు... తమరు మరచిపోయి ఉంటారు!"

"సుత్తి ఎటువైపు పట్టుకోవాలో మాకు తెలియదు! మేము చేసిన చాకట!" అంటూ రాజు ఆ చాకును విసురుగా తెరిచాడు. అలుగు ఊడి ఆయన చెప్పు పక్కనే నేలకు గుచ్చుకుంది. చేతిలో పిడి మిగిలింది, అరచేతికి ఎర్ర రంగు అంటుకుంది.

అప్పటికే సంతవీధిలోని జనం అంగడి ముందు చేరిపోయారు. రాజుగారు మెల్లగా మాచన వైపు తిరిగాడు. ఆయన గొంతు మారింది.

"మాచనా! ఇది నకిలీ అని నీకు ముందే తెలుసు. నలుగురిలో మమ్మల్ని నవ్వులపాలు చేయడానికేనా తీసుకొచ్చావు?"

మాచన వంగి నమస్కరించాడు.

"అపచారం ప్రభూ! అసలేదో నకిలీ ఏదో తేల్చగలిగింది తమరొక్కరే. ఇప్పుడు తేల్చారు కూడా. నాకు ఒక్క సందేహం మిగిలింది. ఏ వస్తువునైనా వాసన చూసి నిర్ణయించే తమరు, ఈ చాకు సంగతి వాసనతో పని లేకుండానే ఎలా కనిపెట్టారు?"

"ఇందులో కనిపెట్టడానికేముందిరా? దీన్ని మేము చేయలేదు. చేశామో లేదో మాకు తెలియదా?"

"అదే ప్రభూ," అన్నాడు మాచన చేతులు జోడించి. "సింగోజు కూడా తమ సభలో సరిగ్గా ఆ మాటే అన్నాడు."

రాజుగారు చేతిలోని పిడిని చూశాడు. నేలలో గుచ్చుకున్న అలుగును చూశాడు. గుమ్మానికి వేలాడుతున్న తన పట్టాను చూశాడు. ఆయన మీసాలు ఒకసారి కదిలాయి, రెండోసారి కదిలాయి. జనం తీర్పు కోసం ఎదురుచూశారు.

మీసాల కింద నుంచి నవ్వు బయటికి వచ్చింది. మొదట కిసుక్కున, తరువాత పొట్ట పట్టుకుని, చివరికి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు ఉద్దండవర్మ. "వెక్కి వెక్కి ఏడ్చామట! పంచె కూడా అమ్ముతాడట!" అంటూ మళ్లీ నవ్వాడు. ఆయన నవ్వడం చూసి సంతంతా నవ్వింది.

ఆ సాయంత్రమే రాజుగారు రథం కట్టించుకుని కొలిమిపాడు వెళ్లాడు. కొలిమి తాళం తనే తీశాడు. చిలుక ముద్రను సింగోజు చేతిలో పెట్టి, "మేము పొరబడ్డాం సింగోజూ," అన్నాడు. ఆయన నోట ఆ మాట విని రథసారథి పగ్గాలు వదిలేశాడట.

మణిగుప్తుడి సరుకంతా కరిగించి పలుగులు, పారలు చేయించారు. కొన్నవాళ్ల సొమ్ము వాళ్లకు తిరిగి ఇప్పించారు. మణిగుప్తుణ్ణి చెరసాలలో వేయాలని మంత్రిగారు అన్నారు గానీ, మాచన వేరే సలహా చెప్పాడు. ఏడాదిపాటు అతను సంతవీధి మొదట్లో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ నకిలీ చాకును ఎలా గుర్తుపట్టాలో నేర్పాలి. ఆ విద్యలో అతణ్ణి మించిన గురువు ఎక్కడ దొరుకుతాడు? "తెరిచి చూడకుండా కొనకండమ్మా! చీల కదిపి చూడండయ్యా! తెరవద్దన్నవాడి దగ్గర అసలు కొనకండి, వాడు నాలాంటివాడు!" అని అతను రోజంతా అరుస్తుంటే, వినడానికే పొరుగూళ్ల నుంచి జనం వచ్చేవారు.

రాజుగారు మాచనకు బంగారు కడియం తొడిగి, రెండు పుట్ల మాగాణి రాసిచ్చాడు. ఆ దానపత్రం మాత్రం మంత్రిగారి చేత రాయించాడు. మాచన సభలో మొట్టమొదటిసారి తల ఎత్తి కూర్చున్నాడు. "ఓహో, నీ ముఖం ఇలా ఉంటుందా!" అన్నాడు సేనాపతి.

ఇక మిగిలింది రాజుగారి ముచ్చట. కొలిమిపాడు వెళ్లిన రోజునే ఆయన ముత్తమ్మను అడిగాడు. "మాకూ ఒక అసలైన చాకు కావాలి. ఇప్పుడే ఇవ్వగలవా?"

ముత్తమ్మ తడుముకోకుండా చెప్పింది. "తమకు ముందు ఇరవై ఎనిమిది మంది ఉన్నారు ప్రభూ. తొందరపడితే చీల వదులవుతుంది. ఏలినవారి చేయి తెగితే మళ్లీ మా కొలిమికి తాళం పడుతుంది."

సింగోజు భయంతో కళ్లు మూసుకున్నాడు. రాజుగారు మాత్రం పకపకా నవ్వి, "అయితే మేము ఇరవై తొమ్మిదో వాళ్లమన్నమాట!" అని తిరిగి వెళ్లిపోయాడు.

కార్తీకం దాటాక ఆయన వంతు వచ్చింది. ఆ రోజు సభలో మంత్రిగారు పొరుగు రాజు పంపిన సంధిలేఖ చదువుతున్నారు. సింహాసనం మీద ఉద్దండవర్మ తన చాకును తెరిచాడు, మడిచాడు, మళ్లీ తెరిచాడు, మళ్లీ మడిచాడు. మీసాల చాటున నవ్వుకున్నాడు. లేఖ పూర్తయ్యాక, "మహాప్రభువుల నిర్ణయం?" అని మంత్రిగారు అడిగితే, ఆయన ఉలిక్కిపడి లేచి, "మళ్లీ మొదటి నుంచి చదవండి," అన్నాడు.